అయిదో కుప్ప

టెంటు మేకులు రాతినేలలో దిగనంటే దిగనన్నాయి.

దర్జీకి ఒళ్ళు మండిపోయింది. ఏడాదికొక్కసారి మిషను కట్టేసి, పెళ్ళాం బిడ్డతో నాలుగు రోజులు ఊపిరి పీల్చుకుందామని వస్తే ఇదీ వరస!

పైన, గుట్టెక్కే కాలిబాట మలుపులో ఎవరో రాళ్ళని నడుమెత్తు కుప్పగా పేర్చారు. అవన్నీ మోసుకొచ్చి టెంటు మూలలకి పెట్టేశాడు.

సాయంత్రం ఓ ముసలాయన వచ్చాడు.

“బాబూ, ఆ రాళ్ళు తియ్యకూడదు. మళ్ళీ పెట్టెయ్యండి.”

“గుట్టంతా రాళ్ళే కదా పెద్దాయనా! ఇవేమన్నా మీ తాత దాచిపెట్టినవా?”

“మంచు దిగితే...”

“దిగితే మేం చూసుకుంటాం. మీ దారిన మీరు వెళ్ళండి!”

“పాపం, ఏదో చెప్పబోయాడండీ,” అంది భార్య.

“పిచ్చివాళ్ళ మాటలు వింటూ కూర్చుంటే సెలవులు కాస్తా అయిపోతాయి.”

మర్నాడు ముగ్గురూ గుట్టెక్కుతుంటే ముసలాయన ఎదురయ్యాడు. వాళ్ళని ఎగాదిగా చూసి, వంగి మూడు గులకరాళ్ళు ఏరి జేబులో వేసుకున్నాడు.

“చూశావా, రాళ్ళ పిచ్చి!” దర్జీ పకపకా నవ్వాడు.

పైకి చేరేసరికి మధ్యాహ్నం దాటింది. చెట్టూ చేమా లేని గుట్ట. చూస్తుండగానే పొగమంచు కమ్మేసింది. పదడుగుల అవతల ఏముందో తెలియడం లేదు.

“నాన్నా, అదుగో కుప్ప!” అంది కూతురు ఏడుస్తూనే.

దాని దగ్గరికి వెళ్తే రెండోది లీలగా కనిపించింది. కుప్పలెందుకో అప్పటికి తెలిసింది దర్జీకి. మూడోది. నాలుగోది.

అయిదోది లేదు. అది వాళ్ళ టెంటు మూలల్లో ఉంది.

అడుగేశాడు. కాలికింది రాయి జారి, ఎంతసేపటికో లోయలో చప్పుడైంది. పై ప్రాణాలు పైనే పోయాయి.

“కదలకండి! పిల్లని పట్టుకోండి!” భార్య కేక పెట్టింది.

అప్పుడు వినిపించింది. ఠక్... ఠక్... రాయి మీద రాయి.

కూతుర్ని చంకనెత్తుకుని, ఆ చప్పుడు వైపే అడుగులో అడుగేసుకుంటూ దిగారు. దగ్గరికొచ్చేసరికి మంచు సందులోంచి కింద టెంటు ఎర్రగా కనిపించింది. బతుకుజీవుడా అనుకున్నారు.

“ఆయనేనండీ! ఒక్కమాట చెప్పి వెళ్దాం.”

“ఏ మొహం పెట్టుకుని చెప్పమంటావ్? రేపు చెబుదాంలే. పిల్ల వణికిపోతోంది.”

చడీచప్పుడూ లేకుండా అడ్డంగా దిగిపోయారు.

చీకటి పడింది. తుంపర మొదలైంది. చప్పుడు మాత్రం ఆగలేదు.

“ఇంకా ఎవరికోసమండీ?”

“పైన ఇంకెవరన్నా చిక్కుకున్నారేమో.”

చప్పుడు ఎప్పుడాగిందో వాళ్ళకి తెలీదు. నిద్రపోయారు.

తెల్లారగానే దర్జీ, క్షమించమని అడుగుదామని, మోయగలిగినన్ని రాళ్ళు మోసుకుంటూ మలుపుకి వెళ్ళాడు. అక్కడ నలుగురు మూగి ఉన్నారు. అయిదో కుప్ప ఉండాల్సిన చోట ముసలాయన కూర్చుని ఉన్నాడు, చేతికో రాయి పట్టుకుని. చలికి బిగుసుకుపోయాడు.

“రాత్రెప్పుడో పోయాడు సార్,” అన్నాడు గుట్ట కావలివాడు. “కొడుకు ఇక్కడే లోయలో పడ్డాడు. ఆ ఏడాది నుంచీ ఈ కుప్పలు పేరుస్తూనే ఉన్నాడు.”

దర్జీ చేతుల్లోంచి రాళ్ళు జారిపోయాయి. “మరి... ఇంటికి వెళ్ళిపోవచ్చుగా?”

“పైకెళ్ళిన మనిషికో గులకరాయి వేసుకుంటాడు సార్. దిగినట్టు వాళ్ళు చెబితే తీసి పారేస్తాడు. జేబు ఖాళీ అయితేగానీ లేవడు.”

కావలివాడు ముసలాయన జేబులో చెయ్యి పెట్టి తీశాడు; మూడు గులకరాళ్ళు, అందులో ఒకటి మరీ చిన్నది.