నా గొంతుతో పిలిచింది

ఆఫ్రికాలోని కలహారీ అభయారణ్యంలో మా హనీమూన్‌కి అది ఆఖరి రాత్రి. పగలంతా రెండు కాళ్ల మీద నిలబడి మమ్మల్నే చూసిన, ముంగిసల్లాంటి మీర్‌కాట్లను తలుచుకుని, గుడారంలో నేనింకా నవ్వుతూనే ఉన్నాను. అప్పుడు బయట ఇసుకలోంచి ఎవరో "ప్రజ్జూ" అని పిలిచారు.

అది నా గొంతు.

పక్కనే ఉన్న ప్రజ్వల్ పలకబోతుంటే వాడి నోరు చేత్తో మూసేశాను. చీకట్లో వచ్చిన పిలుపుకి పలికినవాళ్లు దాని వెంటే పోతారనేది మా అమ్మమ్మ. చెప్పాల్సిన జవాబూ ఆవిడే నేర్పింది.

"రేపు రా!" అని అరిచాను. పొద్దున చూస్తే ఇసుక మీద ఒక్క అడుగు జాడా లేదు.

కెనడాలో మేముండే సార్నియాకి తిరిగి చేరిన రాత్రి మా బేస్‌మెంట్ కిటికీ దాకా మంచు. పై అంతస్తులో స్టూడెంట్లు, ఇల్లంతా పోపు వాసన. ఎంత హాయో! అంతలో ఆ స్టూడెంట్లలో ఒకమ్మాయి, నిఖిల, పైనుంచి కేకేసింది.

"అక్కా, ఈ చలిలో బయట నిలబడి బావగారిని పిలుస్తావేంటి? ఉండు, డోర్ తీస్తున్నా."

"తీయకు!" అని కిందనుంచి అరిచాను.

"అక్కా... నువ్వు లోపలే ఉన్నావా?"

కిటికీ అవతల నా గొంతు మెల్లగా అంది: "రేపు రమ్మన్నావుగా."

ప్రజ్వల్ నోటికి మళ్లీ చెయ్యి అడ్డం పెట్టి అన్నాను: "మళ్లీ రేపే రా! ఎన్నిసార్లొచ్చినా వీణ్ని ఇవ్వను."

బయట అది నా నవ్వే నవ్వింది. నేను అంతకన్నా గట్టిగా నవ్వాను.