ముందు నడిచేవాడు

"ఆ ఉత్తరం పంపింది వీడే సార్!"

బాలశౌరి మల్లయ్య చొక్కా పట్టుకుని జీపు ముందుకు ఈడ్చాడు. మల్లయ్య భుజం మీది గంప జారి, బంగినపల్లి కాయలు జీపు చక్రాల కిందికి దొర్లాయి.

రెడ్డిగూడెం తోటలో ఆ వేసవి కోతలు ముమ్మరంగా ఉన్నాయి. కూలీలు ఎక్కడి పని అక్కడే ఆపేశారు. జీపులో వచ్చిన అధికారిది బాలశౌరి పనిచేసే సరిహద్దు దళమే. నూజివీడులో ఇద్దరు కానిస్టేబుళ్ళను వెంటబెట్టుకుని విచారణకు వచ్చాడు. చేతిలో ఉన్న ఉత్తరాన్ని మళ్ళీ ఒకసారి పైకి చదివాడు.

"మీ జవాను బాలశౌరి సెలవు మీద వచ్చి, చీకట్లో మనుషుల్ని చూపించే కొత్త బైనాక్యులర్ల సంగతి మామిడికాయలకొచ్చే ఢిల్లీ లారీల వాళ్ళకు చెబుతున్నాడు. ఇలాంటివాణ్ణి సరిహద్దులో ఉంచకండి."

కింద సంతకం లేదు.

"ఆ పరికరాలు పంజాబ్ సరిహద్దుకు వచ్చి మూడు నెలలే అయింది. బయట ఎవరికీ తెలియకూడదు. మరి ఈ ఉత్తరం పెట్టినవాడికి ఎలా తెలిసింది?" అన్నాడు అధికారి.

"లారీ వాళ్ళతో నేను మాట్లాడనే లేదు సార్. చిన్నప్పటి స్నేహితుడు కదాని వీడొక్కడి దగ్గరే నోరు జారాను."

"ఒరే, నాకు చెప్పిన మాట నిజమేరా," అన్నాడు మల్లయ్య. "నేను మా ఆడదానికి కూడా చెప్పలేదు. ఒట్టు."

"సెలెక్షన్‌కి ఇద్దరం వెళ్ళాం. ఛాతీ కొలతలో నువ్వు పోయావు. ఆ కడుపుమంట ఇన్నాళ్ళకి తీర్చుకున్నావు."

"కడుపుమంటా? నిన్ను రైలెక్కించడానికి బెజవాడ దాకా నీ ట్రంకుపెట్టె మోసింది ఎవడ్రా?"

బాలశౌరి చెయ్యి లేచింది. దెబ్బకి మల్లయ్య పెదవి చిట్లింది. తిరిగి కొట్టలేదు. తువ్వాలుతో మూతి తుడుచుకుని, తువ్వాలుకి అంటిన రక్తం వంక చూస్తూ నిలబడ్డాడు.

"వీడికి రాయడం రాదు సార్. ఎవరిచేతో రాయించుంటాడు."

"ఎవరిచేత రాయించావు?" అధికారి అడిగాడు.

"రాయించలేదండీ."

"సరే, స్టేషన్లో చెబుదువుగాని. ఎక్కించండయ్యా."

కానిస్టేబులు రెక్క పట్టుకున్నాడు. జీపు మెట్టు మీద కాలు పెట్టబోతూ మల్లయ్య వెనక్కి తిరిగాడు.

"శౌరీ, ఇలాంటి పని వీడు చెయ్యడని ఒక్కమాట చెప్పరా."

బాలశౌరి మొహం తిప్పుకున్నాడు.

గంపల్లో గడ్డి పరుస్తున్న ఆడవాళ్ళలోంచి ఒకామె లేచింది. చీరకంటిన గడ్డి దులుపుకోకుండానే గబగబా జీపు దగ్గరికొచ్చింది. బాలశౌరి భార్య పుష్పవతి.

"ఆ అన్నయ్యను వదిలేయండి సార్. ఉత్తరం రాసింది నేను."

అధికారి నమ్మలేదు. కాగితం, పెన్ను ఇచ్చి రెండు మాటలు రాయమన్నాడు. జీపు బానెట్ మీద పెట్టి రాసిందామె. రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూసుకుని, వాటిని బాలశౌరి చేతికిచ్చాడు. నెలనెలా సరిహద్దుకు వచ్చిన ఉత్తరాల్లోని అక్షరాలే అవి.

"భార్యకు చెప్పిన సంగతి మాతో అనలేదేం?"

"ఇంట్లో మనిషి... లెక్కలోకి రాదనుకున్నాను సార్." బాలశౌరి భార్య వైపు తిరిగాడు. "లారీవాళ్ళతో నేనెప్పుడు మాట్లాడానే? నామీద ఇంత అబద్ధం రాయడానికి నీకు చేతులెలా వచ్చాయే?"

"చీకట్లో చూపించే ఆ మిషను పట్టుకున్నవాడే అందరికంటే ముందు నడవాలని, నాకే ఇచ్చారని మురిసిపోతూ చెప్పావు కదయ్యా. నువ్వు మురిసిపోయావు. మొదటి గుండు ముందు నడిచేవాడికే తగులుతుందని నాకు ముద్ద దిగలేదు. ఉద్యోగం తీసేసి ఇంటికి పంపించేస్తారనుకున్నాను."

"ఉద్యోగం తీసేయడం కాదే, దేశద్రోహినని జైల్లో వేస్తారు! కట్టుకున్నదానివి నువ్వే నా మెడకు ఉరి బిగిస్తావా?"



కానిస్టేబులు వదిలేయగానే మల్లయ్య వంగి, దొర్లిన కాయలు ఒక్కొక్కటే ఏరి గంపలో వేసుకోసాగాడు. "ఒరే మల్లయ్యా..." అంటూ బాలశౌరి గంపకు చెయ్యి వేయబోయాడు. మల్లయ్య ఆ చెయ్యి తప్పించి, గంప తనే ఎత్తుకుని చెట్లలోకి వెళ్ళిపోయాడు.

అధికారి కాగితాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"దళం సంగతులు బయట చెప్పినందుకు నీకు శిక్ష ఉంటుంది, అది అక్కడ తేలుస్తారు. లారీల మాట అబద్ధం కాబట్టి కేసు లేదు. ఆ బైనాక్యులర్ వాడటం తెలిసినవాళ్ళు మనకు నలుగురే ఉన్నారు. నీ సెలవు రద్దు. రేపే బయలుదేరు."

బాలశౌరి మడమలు కలిపి సెల్యూట్ చేశాడు.

కదలబోతున్న జీపు తలుపును పుష్పవతి రెండు చేతులా పట్టుకుంది.

"నేను రాసిందంతా నిజమే సార్! ఆయన్ని జైల్లోనే పెట్టండి. జైల్లో ఉన్నవాడి ఇంటికి టెలిగ్రాం రాదు కదండీ!"