మైకు లేని దీపం

మంచం పక్కనున్న దీపం మా ఆయన చేసిందే. అందులోని మైకు నుంచి, చప్పుడును బట్టి వచ్చే వోల్టేజీ ఆయన పెట్టిన హద్దు దాటిందో లేదో చిప్పులోని కంపారేటర్ చూస్తుంది. దాటితే దీపం వెలుగుతుంది. ఆయన "ఏమోయ్" అంటే చాలు, వెలిగేది. నేనెంత పిలిచినా వెలిగేది కాదు.

"నీ గొంతు దానికి చాలదులే" అని ఏడిపించేవాడు. ఆయన పోయాక ఆ హద్దు నేను ముట్టుకోలేదు.

నిన్న రాత్రి దీపం దానంతటదే వెలిగింది. నేనూ రిపేర్ల మనిషినే. గాలి చప్పుడేమోనని మైకు పీకేసి, అది తగిలి ఉన్న చిప్పు పిన్నును సున్నా వోల్టేజీ ఉండే గ్రౌండుకు అతికించాను. ఇక లోకమంతా అరిచినా దానికి వినపడదు. దీపం ఆరిపోయింది.

నా ప్రాణం ఉసూరుమంది.

"ఏమండీ," అన్నాను చీకట్లో, వినపడీ వినపడనట్టు. "మీరు కాదా?"

దీపం వెలిగింది. నా పిలుపుకు అది వెలగడం అదే మొదటిసారి.