ఈసారి ప్లాను నాది

“ఏసీ మళ్లీ చచ్చింది!”

భర్త రిమోట్‌ని మంచం మీదికి విసిరికొట్టాడు. మధ్యాహ్నం రెండయింది. బయట సముద్రపు ఉక్క. లోపల అంతకు రెండింతలు. బనీను ఒంటికి అతుక్కుపోయి ఊడిరానంటోంది.

కిటికీ బలంగా తోశాడు. నాలుగు వేళ్ల సందు ఇచ్చి అది ఆగిపోయింది. ఎదురుగా మూడడుగుల దూరంలో పక్క బ్లాకు గోడ. ఆ ఇరుకులోనే పదంతస్తుల ఏసీ డబ్బాలన్నీ ఒకదాని మొహాన ఒకటి వేడిగాలి ఊదుకుంటున్నాయి.

“వారం రోజుల సెలవులకి నీకు దొరికింది ఈ కుంపటేనా?”

భార్య మడిచిన పేపరుతో విసురుకుంటూ కూర్చుంది. “రెండో రోజుకే ఇలా అయిపోతే ఎలాగండీ?”

ఏటా వేసవి సెలవుల ప్లాను అతనిదే. కొండలు, చలి, మంచు. ఈ ఏడాది ఆమె “ఈసారి ప్లాను నాది” అంది. ఊరు తనే ఎంచింది. ఫ్లాటు తనే బుక్ చేసింది. వారం మొత్తానికీ చీటీ రాసి ఫ్రిజ్‌కి అంటించింది. పిల్లలిద్దరూ పొద్దున్నే మేనమామతో చల్లటి మాల్‌కి, అక్కడి ఈతకొలనుకి. చీకటిపడ్డాకే రాక. భర్త పేరుకి ఎదురుగా మాత్రం ప్రతి మధ్యాహ్నం ఒకటే మాట: ‘విశ్రాంతి, ఫ్లాటులోనే.’

“ఎండాకాలంలో జనం ఈ ఊరు వదిలి పారిపోతారు. మనం టికెట్లు కొనుక్కుని మరీ వచ్చాం!”

“మా పిన్ని ఉన్న ఊరు కదండీ. ఆవిడ ఉన్నన్నాళ్లూ మీరు రానేలేదు.”

“మొదలెట్టావా మళ్లీ?”

పిన్ని పోయినప్పుడూ అతను రాలేదు. రోజుకు ముప్ఫై సంతకాలు, కుర్చీలోంచి లేవడానికే తీరదన్నాడు. డెబ్భై దాటినవాళ్లకి ఎండ ఒక వంక మాత్రమేనని కూడా అన్నాడు. తల్లి లేని పిల్లని కడుపులో పెట్టుకుని పెంచిన పిన్ని. భార్య ఒక్కతే వచ్చి, అన్నీ ముగించుకుని వెళ్లింది.

అతను ఫోన్ చేసి వాచ్‌మన్‌ని పైకి పిలిచాడు.

“ఈ వరసలో ఫ్లాట్లన్నీ ఇంతే సార్. రెండు కొట్టేసరికి ఏసీలు వేడెక్కి ఆగిపోతాయి. మళ్లీ పొద్దుగూకాకే.”

“నీ ఉద్యోగం ఊడగొట్టిస్తా!”

“అలా అయితే ఏసీ తిరుగుతుందంటే ఊడగొట్టించండి సార్. మిగతా ఫ్లాట్లవాళ్లు కూడా సంతోషిస్తారు.”

ఆమెకు నవ్వాగలేదు. “పాపం, అతన్నంటే ఏం లాభం? కట్టినప్పుడు ఎవరో ఒకరు చూసి, అంతా బాగుందని కాగితం ఇచ్చే ఉంటారుగా?”

భర్త ఒక్క క్షణం తడబడ్డాడు. అంతలోనే చెమట కంట్లోకి దిగి మండింది. దాంతోపాటే కోపమూ.

“ఆ కాగితం ఇచ్చినవాణ్ని వదలకూడదు. కోర్టుకీడుస్తా.”

“ఊరికే అనడమేనా? రాస్తారా?”

కాగితం, పెన్ను అప్పటికే బల్లమీద ఉన్నాయి.

అతను రాయడం మొదలుపెట్టాడు. గాలి వచ్చే దారీ లేదు, పోయే దారీ లేదు. కిటికీ కాదిది, బొక్క. చెమట చుక్కలు అక్షరాల మీద రాలుతుంటే చేత్తో తుడుస్తూ రాశాడు.

“ఇంకో మాట సార్.” వాచ్‌మన్ గొంతు తగ్గించాడు. “పోయినేడు ఇదే నెలలో, ఈ గదిలోనే, ఒక పెద్దావిడ పోయింది. తలుపు పగలగొట్టి లోపలికొచ్చాం. ఆవిడ వేళ్లు ఆ కిటికీ సందులో ఉన్నాయి.”

భార్య పేపరుతో విసురుకోవడం ఆపేసింది.

భర్త బల్ల గుద్దాడు. “అయితే ఇది హత్యే! అదీ రాస్తున్నా. లైసెన్సు లాగేసి జైల్లో తొయ్యాలి. వాడు ఎవడైనా సరే!”

“ఆ ‘ఎవడైనా సరే’ కూడా రాయండి.”

రాశాడు. పేరు దగ్గర ఖాళీ వదిలి కింద సంతకం పెట్టాడు. చివరి అక్షరం నుంచి గాలిపటం తోకలా ఒక గీత కాగితం అంచుదాకా సాగింది. ఆమె ఆ కాగితాన్ని ఫోటో తీసి తమ్ముడికి పంపింది. తమ్ముడు ప్లీడరు. నిమిషంలో ఈతకొలను ఒడ్డునుంచే జవాబొచ్చింది: ‘పోలీసులకి పంపేశానక్కా. ఇక పేరొక్కటే కావాలి.’

“పేరు కూడా ఇవాళే తేలుస్తా,” అన్నాడు భర్త.

“కింద మీటర్ల గదిలో ఆ సర్టిఫికెట్టు ఫ్రేము కట్టి ఉంది సార్. తేనా?” అన్నాడు వాచ్‌మన్.

“పరిగెత్తు!”

వాచ్‌మన్ దుమ్ము కొట్టుకున్న ఫ్రేముతో తిరిగొచ్చాడు. తువ్వాలుతో అద్దం తుడిచి, కూడబలుక్కుంటూ చదివాడు. “స్వయంగా వచ్చి పరిశీలించాను. ప్రతి గదికీ గాలి ధారాళంగా వస్తున్నది.”

“స్వయంగా వచ్చాడట, దొంగవెధవ!” భర్త పెన్ను అందుకుని ఖాళీ మీద ఆనించాడు. “పేరు చదువు, రాస్తాను.”

“పేరుమీద చెద పట్టింది సార్. సంతకం మాత్రం మిగిలింది. దానికి ఇంత పొడుగు తోకుంది.”

పెన్ను కాగితం మీదే ఆగిపోయింది.

ఆమె ఫ్రేము వంక చూడను కూడా లేదు. పోయినేడు పిన్నిని సాగనంపిన రోజునుంచీ అందులోని ప్రతి అక్షరం ఆమెకు కంఠతా వచ్చు.

“రాసుకోండి,” అంది, వాచ్‌మన్‌కి కూడా వినబడేలా, “మా పిన్ని ఊపిరాడక పోయిన ఈ గదిని కుర్చీలోంచి లేవకుండానే చూసేసి, ఆ సంతకం పెట్టిన ఇంజనీరు మీరేనండీ.”