పాప లేని ప్రయాణం

డిసెంబరు రెండో ఆదివారం, ఉదయం ఏడున్నరకు అన్సర్, ఆర్షియా దువ్వూరు నుంచి కారులో బయలుదేరారు. నాలుగేళ్ల సమీరాను నాయనమ్మ దగ్గర వదిలారు.

"దాన్ని వదిలి నేను ఒక్క రాత్రి కూడా ఉండలే," అంది ఆర్షియా.

"దానికీ అలవాటు కావాల గదా," అన్నాడు అన్సర్. "పాస్‌పోర్టు పెట్టుకున్నావా?"

"పెట్టుకున్నా. నాదెందుకు?"

"పులివెందులలో సిరాజుద్దీన్ మామను ఉమ్రా గురించి అడుగుదాం. టికెట్లు చేసిచ్చేది ఆయనే."

మక్కాకు పోయే ఉమ్రా యాత్ర మాట అన్సర్ ఎత్తడం అదే మొదలు. కువైట్‌లో ఒకరింట్లో డ్రైవరుగా చేస్తాడు. సెలవుకు వచ్చినప్పుడల్లా ఇల్లు కదిలేవాడు కాదు. ఈసారి అయినవాళ్లను చూసొద్దామని తానే కారు బాడుగకు తెచ్చాడు. ఎందుకో ఆర్షియాకు అంతుపట్టలేదు.

ప్రొద్దుటూరులో అన్సర్ అక్క జైనబ్ ఉంది. ఆమె భర్త కూడా కువైట్‌లోనే పనిచేస్తాడు. తమ్ముడు తిరిగి వెళ్లే ముందు ప్రతిసారీ ఆమె దువ్వూరు వచ్చి, భర్తకని కజ్జికాయలు, నిమ్మకాయ ఊరగాయ, మోకాళ్ల నొప్పుల మందు మూటగట్టి చేతికిచ్చేది. కువైట్ పోయేవాళ్ల చేతికి మూట ఇవ్వని ఇల్లు ఆ వైపు లేదు. ఈసారి జైనబ్ మూట ఊసెత్తలేదు.

"దూల్హాభాయ్‌కు ఏమీ పంపవా ఆపా?" అని ఆర్షియానే అడిగింది.

జైనబ్ తమ్ముడి వైపు చూసింది. "పంపుదాంలే. ఆ ఇస్త్రీ పెట్టె తీసుకోని ఈ చొక్కా చెయ్యి, చూద్దాం."

"నాకు రాదనుకున్నావా ఏంది?"

"కాలరు ముడత పడింది చూడు. మళ్లా చెయ్యి."

ఆడబిడ్డ పెత్తనం అనుకుని ఆర్షియా మళ్లీ చేసింది. పని ముగించి పెరట్లోకి వెళ్తే అన్సర్ ఫోన్లో ఉన్నాడు. అవతల ఆడగొంతు, అరబ్బీలో.

"జైన్, మేడం, జైన్," అంటూ, బాగుంది బాగుంది అన్నట్టు తలూపుతున్నాడు. భార్యను చూసి ఫోను ఆమె వైపు తిప్పాడు. "మా మేడం. సలాం చెప్పు."

ఆర్షియా సలాం చెప్పింది. తెర మీద ఉన్నామె ఆర్షియాను కాసేపు చూసి ఏదో అడిగింది. అన్సర్ జవాబిచ్చి ఫోను పెట్టేశాడు.

"ఏమడిగింది?"

"నీ వయసు."

"నా వయసుతో ఆమెకేం పని?"

"ఊరికే."

జమ్మలమడుగు దారిలో సగం దూరం పోయాక ఆర్షియా అడిగింది.

"ఆమెకు మొగుడుండాడా?"

"పోయినాడు, రెండేండ్లాయె."

"అట్ల చెప్పు."

"ఏందే అట్ల చెప్పేది? ఆమెకు అరవై దాటినాయి."

"ఫోన్లో అట్ల కనపళ్లేదే."

అన్సర్ నవ్వాడు. ఆర్షియా నవ్వలేదు. రెండో నిఖాకు ముందు మొదటి భార్య ఎట్లుందో చూపించాడని ఆమె లెక్క. తనూ పాపా దువ్వూరులో, ఆయన అక్కడ. ఆ తర్వాత ఆయన రాడు.

జమ్మలమడుగులో ఆదినారాయణ టైర్ల అంగడి నడుపుతున్నాడు. ఒకప్పుడు కువైట్‌లో అన్సర్‌తో ఒకే గదిలో ఉన్నాడు. ఆయన భార్య స్వర్ణలత కూడా అక్కడే, అన్సర్ పనిచేసే వీధిలోనే, ఒకరింట్లో వంట చేసి వచ్చింది.

"ఏమప్పా అన్సరూ, మళ్లా ఒళ్లు చేసినావే," అంటూ ఆదినారాయణ అతన్ని అంగడికి తీసుకుపోయాడు.

ఆడవాళ్లిద్దరే మిగిలారు. ఆర్షియా తలుపు దగ్గరికి వేసి అడిగింది.

"అక్కా, నిజం చెప్పు. ఆడ ఆయనకు ఎవరన్నా ఉండారా?"

"ఎవరుంటారమ్మీ? పగలు కారు, రాత్రి గది."

"ఆ మేడం?"

"ఆమెనా? మంచిదే. నోరు పెద్దది, చెయ్యి చేసుకోదు." స్వర్ణలత బియ్యం చాట పక్కన పెట్టింది. "జీబీ మాయ్. అను."

"అంటే?"

"నీళ్లు తే అని. నాకు మొదట్లో తెలీక నిలబడి చూస్తాంటి. అను."

ఆర్షియా అంది. స్వర్ణలత మరి నాలుగు మాటలు చెప్పి అనిపించింది.

"నేనొచ్చినప్పుడు నా కొడుకు నన్ను గుర్తు పట్టలే," అంది చాట మళ్లీ అందుకుని. "శానా రోజులు అక్కా అనే పిలిచినాడు."

ఆర్షియా చెవిన అది పడలేదు. మేడం 'మంచిదే' అన్న మాట దగ్గరే ఆగిపోయింది.

ఆ రాత్రి అక్కడే పడుకున్నారు. పడుకునే ముందు అన్సర్ తల్లికి ఫోను చేశాడు. "పాప ఏడ్చిందా? అన్నం తినిందా? నిద్ర పోయిందా?" అన్నీ అడిగాడు. "ఏడవలేదంట," అని ఆర్షియాకు చెప్పి దుప్పటి కప్పుకున్నాడు.

మరునాడు ముద్దనూరు దాటాక టీ కోసం కారు ఆపాడు. ఆర్షియా దిగలేదు.

"మళ్లా ఎప్పుడు పోతాండావు?"

అన్సర్ రెండు చేతులతో గ్లాసు పట్టుకుని నిలబడ్డాడు. "పోను."

"పోవా?"

"ఆ ఇంట్లో డ్రైవరు అక్కర్లేదంట. కొడుకులే నడుపుకుంటాండారు. నా వీసా అయిపోయింది."

"మరి ఆ మేడం?"

"ఆమెతో నాకేం? ఈడనే ఉంటా. పాపను నేనే చూసుకుంటా."

"ఒట్టు?"

"పాప మీద ఒట్టు."

ఆర్షియా కారు దిగి టీ తాగింది. ఇంకోటి కూడా తాగింది. పులివెందుల వచ్చేదాకా ఆమె మాట్లాడుతూనే ఉంది. ఆటో కొనుక్కోమంది, సమీరాను బడిలో తనే దింపి రమ్మంది. అన్సర్ అన్నిటికీ సరేనన్నాడు.

సిరాజుద్దీన్ మామ ఇంటికి చేరేసరికి ఆయన నమాజు ముగించి వచ్చాడు. ఆర్షియా తలమీద చేయి పెట్టి దీవించాడు. అన్సర్ వైపు తిరిగాడు.

"శుక్రవారానికి టికెట్టు తీసేసినా అల్లుడా. మద్రాసు నించి కువైట్‌కు."

ఆర్షియా నవ్వింది. "ఆయన పోడంట మామా. దాన్ని క్యాన్సిల్ చెయ్యండి."

సిరాజుద్దీన్ అన్సర్‌ను చూశాడు. "ఇంకా చెప్పలేదా నువ్వు?"

అన్సర్ మామ తీసిన కాగితాలు అందుకుని ఆర్షియా ముందు పెట్టాడు: మేడం ఇంట్లో ఇంటిపనికి వీసా, టికెట్టు.

టికెట్టు ఆర్షియా పేరు మీద ఉంది.