పన్నెండో కుర్చీ

"నేను ఇంట్లో లేనని చెప్పు," అంటూ వెట్రివేల్ తలుపు వెనక నక్కాడు.

"మూడు దినాలుగా అదే చెప్తుండా. సామియారుకాడ ఇంక అబద్ధాలాడడం నా చేత కాదు," అంది భార్య తమిళరసి, వాకిట్లోకి వినబడేలా.

వాకిట్లో ఫాదర్ చెల్లప్పన్ నవ్వాడు. ఆయనకు ఎడమ మోకాలి కింద పెట్టుడు కాలు. మెట్టెక్కాలంటే గోడ పట్టుకోవాలి.

"వెట్రివేలూ, రేపు పెద్ద గురువారం. ఏసుసామి శిష్యులకు కడిగినట్టు గుళ్ళో పన్నెండుమంది కాళ్ళు కడగాల. ఒకడు తక్కువుండాడు. నువ్వు రా."

"ఈ ఊర్లో కాళ్ళుండేవాళ్ళకే కరువొచ్చిందా, ఫాదర్?"

అనేశాక నాలుక కరుచుకున్నాడు.

"శానామంది ఉండారు. నాకు నీ కాళ్ళే కావాల," అని ఫాదర్ వెళ్ళిపోయాడు.

ఐదేళ్ళ కింద తెల్లవారుజామున, పిళ్ళైచావడి దగ్గర సైకిలు మీద పోతున్న ఈ ఫాదర్‌ని గుద్దింది వెట్రివేల్ లారీయే. ఆపలేదు. ఆ వారమే ఆ 4172 నంబరు లారీని వచ్చిన రేటుకు సేలం వాడికి అమ్మేసి, ఇందిరా నగర్‌కు ఇల్లు మారాడు. అప్పట్నుంచీ నీళ్ళ క్యాన్లు మోయడం, తాగి పడుకోవడం. తమిళరసికి కూడా చెప్పలేదు. ఫాదర్ పోలీసులకు లారీ నంబరు ఇవ్వలేదు. చూసి ఉండడు. అదొక్కటే ధైర్యం.

ఇంకా తప్పించుకుంటే అనుమానం వస్తుంది. వెళ్ళి కూర్చుని వచ్చేస్తే సరి.

మర్నాడు సాయంత్రం గుడి ఊడ్చే పాప్పా అతన్ని చెయ్యి పట్టి లాక్కుపోయింది. "యాడికి పోతావురా? కడాకి ఉండే కుర్చీ నీది."

"అందరి కుర్చీల వెనకా పేర్లు అంటించినారే. నాది రాయలేదా, అక్కా?"

"దానికి పాత చీటీ ఉండాది. పీకొద్దన్నాడు ఫాదర్. ఐదేండ్లుగా దాంట్లో ఎవుర్నీ కూర్చోనియ్యలేదు. నీకేం, రాజా!"

ఎవడో రానివాడి చోటు తనకొచ్చిందనుకుని, చీటీ వైపు చూడకుండానే కూర్చున్నాడు.

పదకొండుమంది కాళ్ళు ఫాదర్ స్టూలు మీద కూర్చునే కడిగాడు. పన్నెండోవాడి దగ్గర స్టూలు పక్కకు నెట్టి, పెట్టుడు కాలును చేత్తో మడుచుకుంటూ నేల మీద మోకరిల్లాడు.

వెట్రివేల్ కాళ్ళు వెనక్కి లాక్కున్నాడు. "వద్దు ఫాదర్. నేనెవురో తెలిస్తే ఆ నీళ్ళు నా మొగాన కొడతారు."

"కాలిట్లా పెట్టు."

"ఆ లారీ... నాదే ఫాదర్."

ఫాదర్ చెయ్యి ఆగలేదు. వేళ్ళ సందులు తుడిచి, వంగి పాదాన్ని ముద్దుపెట్టుకున్నాడు.

"నీళ్ళు మరీ సల్లగుండాయా?" అని అడిగాడు.

పూజ అయ్యేదాకా వెట్రివేల్ ఏడుస్తూనే ఉన్నాడు. అందరూ లేచాక ఫాదర్ ఎదుట నిలబడ్డాడు. "తమిళరసికి చెప్పేసి, పోలీస్ స్టేషనుకు పోతా."

"నేనూ వస్తా. ముందు నీ కుర్చీ లోపల పెట్టు."

వెట్రివేల్ కుర్చీ ఎత్తి తిప్పాడు. వెనక, రంగు మారిన చీటీ.

దాని మీద 4172 అని రాసి ఉంది.