డెబ్బై నాలుగు తప్పులు

“తాతా, ఆ బోర్డు ముట్టుకోకు! రంగు ఇంకా ఆరలేదు.”

కుగన్ అరుపుకి ముసలాయన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

సుంగై పెటాని పట్టణం మైదానంలో ఆ సాయంత్రం సాఫ్ట్‌బాల్ క్లబ్బు నలభయ్యో వార్షికోత్సవం. కుగన్ ఆ క్లబ్బు కార్యదర్శి. రబ్బరు ఎస్టేటు రోజుల నాటి స్కోరు పుస్తకాలన్నీ తిరగేసి, బేసుల దగ్గర కాపు కాసే ఇన్‌ఫీల్డర్లలో బంతి పట్టడంలో, విసరడంలో ఎవరెన్ని తప్పులు చేశారో కూడి, తన చేత్తోనే బోర్డు రాశాడు. లెక్కలంటే అతనికి అంత మోజు.

అన్నిటికంటే పైన అతని తండ్రి పేరు. రాజన్, బంతి ఏరి ఫస్ట్ బేస్‌కి విసిరే షార్ట్‌స్టాప్, తొమ్మిదేళ్లలో పదకొండు తప్పులు.

క్లబ్బు మొత్తానికి మేటి ఇన్‌ఫీల్డర్‌ అని ఐదింటికి ఆయనకే కప్పు ఇవ్వబోతున్నారు.

ముసలాయన వేలు గాలిలోనే ఒక్కో పేరు మీదుగా దిగి అట్టడుగున ఆగింది. ఆ వేలు రెండుచోట్ల వంకర తిరిగి ఉంది.

“ఈ ఆకరోడు ఎవులు బాబూ? అద్దాలు తేనేదు.”

“ఎవరో అప్పన్న అంట, ఫస్ట్ బేస్ దగ్గర బంతి పట్టేవాడు. అదే తొమ్మిదేళ్లలో డెబ్బై నాలుగు తప్పులు! మా నాన్న బంతి ఏరి విసిరితే గీత గీసినట్టు పోయేదంట. ఈయన పట్టలేక వదిలేసేవాడు!”

ముసలాయన పకపకా నవ్వాడు. “ఆడివి సేతులు కావులే, జల్లెళ్లు.”

కుగన్ కూడా నవ్వాడు.

“ఈ లెక్క ఎలా కట్టినావు బాబూ?”

“స్కోరు పుస్తకంలో ఉన్నదే తాతా. తప్పు విసిరినోడిదా, పట్టేవాడిదా అని తేలకపోతే స్కోరర్ వాళ్లనే అడిగేవాడంట. ‘నాదే’ అని చెయ్యెత్తినవాడి పేరున రాసేవాడు. మా క్లబ్బు పద్ధతి అది. ఇంక అబద్ధానికి చోటెక్కడ?”

“నిజమే.”

“ఇంతకీ ఎవరి కోసం వచ్చావు?”

“రాజన్‌ని ఓపాలి సూసి ఎల్దామని వచ్చినాను.”

“నాన్న ఐదింటికి వస్తారు. కూర్చో.”

ముసలాయన బోర్డు మీద మొదటి పేరు వైపు చాలాసేపు చూశాడు. ఏమనుకున్నాడో, చేతిసంచి భుజాన వేసుకున్నాడు.

“వద్దులే. నాలుగున్నరకి బస్సుంది. ఇపోలో బస్సు మారి మా ఊరు సుంగై సుమున్ ఎల్లాల.”

గేటు దాకా వెళ్లి వెనక్కి తిరిగాడు.

“మీ నాన్నతో సెప్పు బాబూ. లెక్క సరిగ్గానే ఉంది, దిద్దొద్దని.”

కుగన్ సరేనని కుర్చీలు సర్దడానికి వెళ్లిపోయాడు. అంత దూరం నుంచి వచ్చినవాణ్ని పేరైనా అడగలేదు.

ఐదింటికి రాజన్ కారు దిగుతూనే అడిగాడు.

“అప్పన్న వచ్చినాడా?”

“ఏ అప్పన్న?”

“ఫస్ట్ బేస్ అప్పన్న. నానే కబురెట్టినాను.”

“ఆ డెబ్బై నాలుగు తప్పులాయనా? ఆయన్నెందుకు నాన్నా…”

కుగన్‌కి అట్టడుగు పేరు దగ్గర ఆగిన ఆ వంకర వేలు గుర్తొచ్చింది.

“ఒక తాత వచ్చి వెళ్లాడు. లెక్క సరిగ్గానే ఉంది, దిద్దొద్దని చెప్పమన్నాడు.”

రాజన్ మొహం పాలిపోయింది.

“ఎల్లిపోయినాడా? ఒక గ్లాసు సల్లటి రోజ్ సిరప్‌ అయినా ఇచ్చినావా?”

బస్సు ఆలస్యమై ఉంటుందేమోనని కుగన్ మోటారుసైకిలు తీసి బస్‌స్టాండుకి పరిగెత్తించాడు. ఇపో బస్సు ఎప్పుడో వెళ్లిపోయింది.

తిరిగొచ్చేసరికి తండ్రి వేదిక మీద మైకు పట్టుకుని ఉన్నాడు. కప్పు ముట్టుకోలేదు.

“స్టేటు టీముకి మనుషుల్ని ఈ స్కోరు పుస్తకం సూసే ఎంచేవారు. స్టేటుకి ఆడినోడికి ఉద్యోగం. ఎస్టేటులోంచి బయటపడ్డానికి మా ఇద్దరికీ అదొక్కటే దారి. ఇంట్లో నాకు నలుగురు సెల్లెళ్లు. ఆ సంగతి అప్పన్నకి తెలుసు.”

రాజన్ బోర్డు వైపు తిరిగాడు.

“ఉద్యోగం నాకొచ్చింది. ఆ జీతంతోనే ఇల్లు కట్టినాను, పిల్లల్ని సదివించినాను. నా బంతులకి అడ్డం పడి పడి అప్పన్న సేతి ఏళ్లు విరగ్గొట్టుకున్నాడు. ఆ ఏళ్లతోనే రబ్బరు సెట్లు గీస్తా ఉండిపోయినాడు. ఇన్నేళ్లూ నాకు నోరు పెగల్లేదు. ఇయ్యాల ఆడి ముందే సెప్దామని పిలిపించినాను.”

కుగన్‌కి సిగ్గుతో తల ఎత్తబుద్ధి కాలేదు.

రాజన్ కిందికి దిగి, బోర్డు పక్కనే ఉన్న బ్రష్షు అందుకుని, అట్టడుగు పేరు ఎదుట ఉన్న అంకెను కొట్టేశాడు.

“పట్టగలిగినన్ని పట్టినాడు. పట్టలేనంత వంకరగా నాను ఇసిరినవే ఈ డెబ్బై నాలుగూ. ‘నాదే’ అని సెయ్యెత్తినోడు మాత్రం అప్పన్న.”